అడగని ఇంటిపేరు

తిరువళ్ళూరు స్టేషను ఎదురుసందులో, ఫోన్లు బాగుచేసే అంగడి మీది మేడగదిలో వనజాక్షి చేసే ఉద్యోగమేమిటో ఆమె అత్తగారికి నేటికీ అంతుపట్టలేదు. "ఫోనుకు అడగడం నేర్పిస్తానత్తా" అని ఒకనాడు వనజాక్షి చెప్పింది. "అడిగేదానికి గూడా నేర్పించాల్నా? నీ మొగుడికి ఎవురు నేర్పించినారు? పొద్దన లేస్తే అది యాడ, ఇది యాడ అని అడగతానే ఉండాడే!" అని ఆవిడ నవ్వింది. వేళాకోళమే అయినా వనజాక్షి నొచ్చుకోలేదు. తన పనిని అంతకంటె క్లుప్తంగా చెప్పడం ఆమెకూ చేతకాదు. ఫోను తెర మీద ఒక మనిషి పేరు కనిపించాలంటే, ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరును ఫోను అడగాలి, అది జవాబివ్వాలి. ఏ తీరున అడగాలి, అడిగినదానికి ఎంత ఇవ్వాలి అనే కట్టుబాటును రాసేది ఆమె.

పళ్ళిపట్టు దగ్గరి పల్లెలో పుట్టి, ఇంట తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఇంగ్లీషు అలవరచుకొన్న మనిషి. తెలుగు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. చదవమంటే మాత్రం ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొంటుంది. తమిళమైతే కన్ను పడీపడగానే చదివేస్తుంది. చెన్నైకి ఎలక్ట్రిక్ రైల్లో నిలబడి తిరిగిన ఏళ్ళు చాలనిపించి, బిడ్డ పుట్టిన తరువాత, జయరామ్ అనే ఆయన నడిపే ఈ చిన్న కార్యాలయంలో చేరింది. గొప్ప పేరు లేకపోయినా ఇక్కడి పని ఆమెకు నచ్చింది. తిరుత్తణిలో ఒక ధర్మసంస్థ, మూత్రపిండాలు చెడినవాళ్ళకు డయాలిసిస్ చేసే కేంద్రాన్ని నడుపుతోంది. పల్లెల్లోని రోగులను రోజు విడిచి రోజు వ్యానులో తీసుకొనిపోయి, మిషను మీద రక్తాన్ని శుభ్రం చేయించి, మళ్ళీ ఇంట దింపుతుంది. ఏ రోజు ఎవరిని ఎక్కించుకోవాలో డ్రైవరు ఫోనుకు చెప్పేది వనజాక్షి రాసిన కట్టుబాటే.

తిరుత్తణి కొండకు జనం కావిళ్ళు మోసుకొనిపోయే ఆడి కృత్తిక పండుగ దగ్గరపడుతున్న ఒక శుక్రవారం ఉదయం, ఆ కేంద్రపు సహాయం నంబరుకు వచ్చిన ఫోను, అక్కడ ఎవరూ ఎత్తకపోవడంతో, ఇక్కడికి మళ్ళింది.

"అమ్మా, మిషనుకు తీసకపోయే వండి వాళ్ళేనా?" అంది ఒక పెద్దావిడ గొంతు. వ్యానును ఆ పక్క వండి అంటారు. "మా ఆయనకు ఊపిరి ఆడటం లేదమ్మా. పండుకోలేడు, కూసోనే ఉండాడు. కాళ్ళు, మొగము ఉబ్బిపోయినాయి. వండి ఎప్పుడు వస్తాది?"

"పేరు, ఊరు చెప్పండమ్మా."

ఊరు పళ్ళిపట్టుకు పడమట ఏటి ఒడ్డున ఉన్న పల్లె. పేరు వి. మునుస్వామి. మాట్లాడుతున్నది ఆయన భార్య తులసమ్మ.

"కడాపట మిషను ఎప్పుడు కట్టినారు?"

"పోయిన శుక్రారం. మళ్ళా వండే రాలేదు. కొండకు కావిళ్ళు పోతా ఉండాయి గదా, రోడ్లు కట్టేసినారేమో, పండగ అయినాక వస్తాదిలే అని ఊరికే ఉన్నాము."

వనజాక్షి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది. మూత్రం రాని ఒంట్లో తాగిన నీరు తాగినట్టే నిలిచిపోతుంది. కాళ్ళు నిండి, కడుపు నిండి, చివరకు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. వారం రోజులు మిషను లేకపోతే ఏమవుతుందో ఈ పనిలో చేరిన తొలినాడే కేంద్రపు డాక్టరు ఆమెకు వివరించాడు.

"ఆయన్ను పండుకోబెట్టద్దండి. ఎనక దిండు పెట్టి నిట్టనిలువుగా కూర్చోబెట్టండి. నీళ్ళు ఇయ్యద్దు."

"నీళ్ళే అడగతా ఉండాడమ్మా. ఒక్క గుక్క అంటాడు. చేతులెత్తి మొక్కతా ఉండాడు."

"ఇయ్యద్దు పెద్దమ్మా. ఇప్పుడే వండి పంపిస్తా."

ఫోను పెట్టకుండానే ఆమె తెర మీద ఆ ఊరిని తెరిచింది. వి. మునుస్వామి అన్న పేరు ఒకదాని కింద ఒకటి రెండుసార్లు ఉంది. మొదటి వరుస ఎదుట 'ఈ వారం రావడం లేదు' అని, రెండో వరుస ఎదుట 'ఇంట్లో లేరు' అని ఉన్నాయి. ఫోను తెరలను తయారుచేసే విఘ్నేష్ తన కుర్చీ జరుపుకొని వచ్చి తొంగిచూశాడు.

"డూప్లికేట్ అక్కా. ఒకాయన్నే రెండు తూర్లు ఎక్కించేసినారు."

"ఒక వరస రానన్నాడంటాది, ఒక వరస ఇంట్లో లేడంటాది. ఆయనేమో ఇంట్లోనే ఊపిరాడక కూర్చోనుండాడు. ఒకే మనిషి ఇన్ని రకాలుగా ఎట్ట ఉంటాడు విఘ్నేష్?"

కేంద్రంలో నమోదు చూసే దీపికకు ఫోను కలపగా అసలు సంగతి బయటపడింది.

"నేనే అక్కా రద్దు చేసింది. ఆరంబాక్కం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసినాది. నాయన ఈ వారం మా కాడ ఉంటాడు, ఈడే దగ్గర్లో మిషను పెట్టిస్తాము, వండి పంపద్దండి అనె. రెండు పేర్లు అచ్చం ఒకే మాదిరి ఉండాయి. మీద ఉండేదాన్ని రద్దు చేసినా."

"కింద ఉండేది?"

"దానికి డ్రైవరు చంద్రు అన్న పోయినాడు, ఆ దారికి ఆయన ఈ వారమే కొత్త. ఇంటికి బీగం ఏసుండాదని వచ్చేసినాడు. ఎందుకక్కా? ఎన్న ఆచ్చు?"

ఏమయిందో వనజాక్షికి అప్పటికే అర్థమయింది. ఆరంబాక్కం పోయిన మునుస్వామి పేరు రద్దు కాకుండా నిలిచింది. వ్యాను ఆయన బీగం ముందు ఆగి వెనుదిరిగింది. ఇంట్లో ఎదురుచూస్తున్న మునుస్వామి పేరు తెగిపోయింది. ఒకరి తండ్రి వెంకటముని, మరొకరి తండ్రి వెంకటరాముడు. తమిళనాట తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియలు కాబట్టి ఇద్దరికీ వి. తాము అడిగిన ప్రశ్నకు వాళ్ళిద్దరూ ఒక్కరే.

అయినా తాను పొరబడి ఉండవచ్చునన్న చిన్న ఆశతో, కొత్త పద్ధతికి మారినా ఇంకా మూసివేయని పాత దారిలో వాళ్ళిద్దరినీ తెరిచింది. పాత దారి బరువుగా, తాపీగా దిగింది: ఫొటోలు, రక్తపరీక్షలు, డాక్టర్ల ఉత్తరాలు. ఆ కుప్ప అడుగున, 'హౌస్ నేమ్' అన్న మాట పక్కన, పేరు తెగిన ఆయనకు 'ఏటిగడ్డ' అని, బీగం ఇంటాయనకు 'మల్లారపు' అని ఉంది.

ఆమె ఆ రెండు మాటలను పైకి చదివింది.

ఏ దారి పట్టాలన్న ఎంపికను అంతకు కొన్ని నెలల ముందు జయరామ్ ఆమెకే వదిలిపెట్టాడు. పాతది రెస్ట్ అనే పద్ధతి. తాలూకా ఆఫీసులో ఒక్కో కిటికీలో ఒక్కో కాగితాల కట్ట ఇచ్చినట్టు, ఒక్కో చిరునామాలో ముందుగానే కట్టి పెట్టిన సమాచారం ఉంటుంది. అడిగినవాడికి ఏది అవసరమన్నది కిటికీ చూడదు, కట్ట మొత్తం చేతిలో పెడుతుంది. తిరువళ్ళూరులో ఆ బరువు తెలియదు. పళ్ళిపట్టు అవతల కొండల మరుగున, సిగ్నలు వచ్చీరాని చోట, డ్రైవరు ఫోను ఆ కట్టను దించుకోలేక గిరగిర తిరుగుతూ నిలిచిపోయేది. సెల్లమ్మ అనే ముసలావిడను అలాగే ఒకనాడు ఎండలో రోడ్డు మీద వదిలేశారు. కొత్తగా చేరిన ఆమె పేరు తెర మీదికి దిగనే లేదు.

కొత్తది గ్రాఫ్‌క్యూఎల్ అనే ప్రశ్నభాష. కిటికీ ఒక్కటే. ఏమేమి కావాలో అడిగేవాడు ఒక్కొక్కటిగా రాసివ్వాలి. రాసినది మాత్రమే వస్తుంది, రాయనిది రాదు. వనజాక్షి దీనివైపు నిలబడింది. "పాతదైతే తెలిసిన దారి కదమ్మా" అని జయరామ్ తటపటాయించాడు. "తెలిసిన దారేనన్నా. కానీ దాంట్లో వండి కదల్లేదు" అని ఆమె జవాబిచ్చింది. ఆయన సరేనన్నాడు. ఆ మాట అన్ననాడు ఆమె కొంచెం గర్వపడింది కూడా.

తరువాత ప్రశ్న రాయడానికి కూర్చున్నారు. పేరు, ఇనీషియలు, ఊరు, వేళ, వస్తున్నారా లేదా. విఘ్నేష్ ఒక్కొక్కటి చదువుతూ వచ్చి, "హౌస్ నేమ్ అని ఒకటి ఉండాది అక్కా. ఎత్తుకుందామా?" అన్నాడు.

"పల్లెల్లో ఇండ్లకు పేర్లు ఎవురు పెడతారు? అదంతా ఈడ తిరువళ్ళూరులో, గేటు పక్కన నల్లరాయి మీద చెక్కిచ్చుకుంటారే, 'అన్నై ఇల్లం' అని, ఆ యవ్వారం. తీసెయ్."

"సరి, తీసేసినా" అని ఆ కుర్రవాడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

రోగుల పేర్లు మొదట రాసుకొన్న గుమాస్తా తెలుగువాడు. ప్రతి ఇంటా 'మీ ఇంటిపేరేంది?' అని అడిగి, ఇంగ్లీషు తెర మీద ఆ మాటకు తగిన పదం దొరకక, ముక్కకు ముక్క మార్చి 'హౌస్ నేమ్' అని శీర్షిక పెట్టుకొన్నాడు. ఇంటి యొక్క పేరు: విగ్రహవాక్యంలో దోషమేమీ లేదు. ఇల్లంటే వంశమా, గోడలా అన్నదే దారిలో జారిపోయింది. ఇంటిపేరు వాడుకలో ఉన్న జాతిలో పుట్టి, ఇనీషియళ్ళ రాజ్యంలో చదువుకొన్న వనజాక్షి దానిని గోడలనే అనుకొంది. తమిళులైన విఘ్నేష్‌కు, దీపికకు ఆ సందేహం రావలసిన పని లేదు. రావలసినది ఆమెకు. రాలేదు.

"అంబులెన్సుకు కొట్టు" అని విఘ్నేష్‌కు చెప్పి, ఆమె చంద్రుకు ఫోను చేసింది. మోగింది, ఆగింది, మళ్ళీ చేసింది. చివరకు కావడి భక్తుల అరోహర కేకల నడుమ అతని గొంతు వినిపించింది.

"అక్కా, కావిళ్ళ మధ్యలో ఇరుక్కోనుండా! సెంటరు కాడికి వచ్చేసినా, కానీ వండి అంగుళం కదల్లేదు."

"ఉండేవాళ్ళను ఆడనే దింపి, నడిపించి లోపలికి పంపించు. నువ్వు ఎనక్కి తిరుక్కో. మునుస్వామి ఇంటికి పోవాల."

"పోయినా గదక్కా మొన్ననే! బీగం ఏసుండాది."

"ఆ మునుస్వామి వేరే. ఈయన వేరే."

"ఏ ఇల్లక్కా మరి? ఆ ఊర్లో మునుసామీ అంటే సందుకు ఒకడు పలకతాడు."

"ఏటిగడ్డోళ్ళ మునుసామి అని అడుగు. ఎవురైనా చూపిస్తారు."

"అదేదో ముందే ఫోన్లో రానిచ్చింటే..." అని చంద్రు ఆపాడు. నిందించాలని అన్న మాట కాదది. "సరి సరి, తిప్పతా ఉండా. పెట్టేయ్ అక్కా."

అంబులెన్సు బయలుదేరిందన్నారు, కానీ పండుగ బందోబస్తు వల్ల చుట్టుదారిలో రావాలన్నారు. కూర్చున్నచోటు నుంచి చేయగలిగింది మరేమీ లేదు. బిడ్డను బడి నుంచి తెచ్చుకొమ్మని మొగుడికి ఒక మాట చెప్పి, వనజాక్షి స్టేషనుకు పరుగెత్తింది.

తిరుత్తణి రైలు పసుపుగుడ్డల జనంతో కిక్కిరిసి ఉంది. భుజాన కావడి, చంకన బిడ్డ, నోట స్వామి నామం. తలుపు దగ్గర కడ్డీని పట్టుకొని నిలబడి, ఫోను చెవికి ఆనించి, తులసమ్మ నంబరునే మళ్ళీ మళ్ళీ కలిపింది. ఒకసారి ఎత్తింది. "నీళ్ళు ఇయ్యలేదమ్మా. నన్ను తిడతా ఉండాడు. పెండ్లయినప్పట్నించీ ఒక్క మాట అన్న మనిషి గాదు" అని ఏడుస్తుండగా మాట తెగిపోయింది. పక్కనున్న ముసలాయన వనజాక్షి ముఖం చూసి, "ఏమ్మా, మొక్కు తప్పినావా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన తన గుడ్డసంచిని జరిపి, ఆమె పాదం మోపడానికి చోటిచ్చాడు.

అరక్కోణం దాటిన తరువాత జయరామ్ ఫోను వచ్చింది.

"సంస్థవాళ్ళు అడుగుతా ఉండారమ్మా. ఆ కొత్త పద్ధతే ఇట్ట చేసిందని చెప్పేద్దామా? నీ మీదికి రాకుండా పోతాది."

"దానిది తప్పు గాదన్నా. అడిగినంత ఇచ్చింది. అడగనిది నేను."

"పాతదే ఉండుంటే?"

"పాతదే ఉండుంటే ఈ పొద్దు ఇద్దరి ఇంటిపేర్లూ దీపిక కండ్ల ముందర ఉండును. మునుస్వామి నిన్ననో మొన్ననో మిషను మీద ఉండును. సెల్లమ్మ ఉండదు."

"రేపు పొద్దన వండి బయల్దేరేలోపల ఏ దారో ఒకటి చెప్పమంటా ఉండారు. ఆలోచించి చెప్పు" అన్నాడు జయరామ్.

ఆలోచించడానికి ఆ రైల్లో ఆమెకు బుర్ర మిగిలి ఉండలేదు. మునుస్వామిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయన నల్లనో ఎర్రనో తెలియదు, పంట పెట్టేవాడో అంగడి పెట్టుకొన్నవాడో తెలియదు. తెలిసినది తాను అడిగిన ఆ అయిదు ముక్కలే. ఆ ముక్కల్లో మనిషి లేడు.

ఆమె కేంద్రానికి చేరేసరికి వ్యాను ఇంకా రాలేదు. దీపిక గుమ్మంలో నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. "పావం అక్కా ఆయన. నేనే పైదాన్ని తీసేసినా" అంది. "రెండూ ఒకటే మాదిరి చూపించింది నేను" అని వనజాక్షి ఆమె చేయి పట్టుకొంది. డాక్టరు ఒక మిషనును ఖాళీ చేయించి సిద్ధంగా ఉంచాడు. రోడ్డు మీద కావిళ్ళు సాగిపోతూనే ఉన్నాయి. హారన్ వినిపించినప్పుడల్లా ఇద్దరూ లేచారు, వేరే బండి కావడంతో మళ్ళీ కూర్చున్నారు.

పొద్దు వాలుతుండగా చంద్రు వ్యాను సందులోకి వచ్చింది. అంబులెన్సు కంటె అతడే ముందు చేరుకొన్నాడు. వెనుక సీటులో మునుస్వామి ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, నోరు తెరుచుకొని గాలి కోసం పెనుగులాడుతున్నాడు. పెదవులు నీలం తిరిగి ఉన్నాయి. నలుగురు ఎత్తి లోపలికి తీసుకొనిపోయారు. అద్దం తలుపు మూసుకొంది.

బయట బల్ల మీద తులసమ్మ, వనజాక్షి మిగిలారు. చాలాసేపటి తరువాత పెద్దావిడ తల తిప్పింది.

"ఫోన్లో మాట్లాడింది నువ్వేనా? ఎవురింటి పిల్లవు?"

వనజాక్షి తండ్రి పేరు చెప్పింది, ఊరు చెప్పింది.

"నాయన పేరు ఊరికి పదిమందికి ఉంటాది. ఇంటిపేరు సెప్పు."

"పాలమందోళ్ళము" అంది వనజాక్షి. పెళ్ళిపీటల మీద పురోహితుడు పలికిన తరువాత ఆ మాట తన నోటితో తాను పలకడం అదే మొదలు.

"పాలమందోళ్ళా! మా చిన్నత్తను ఇచ్చింది మీ ఇంటికే" అని తులసమ్మ ఆమె భుజం మీద చేయి వేసింది. ఆ చేయి అక్కడే ఉండగా అడిగింది: "మా ఇంటిపేరు మీ కాడ లేదా పాపా?"

"ఉండాది పెద్దమ్మా."

"ఉండాదా! మరి?"

"మేము అడగలేదు."

తులసమ్మ చేయి తీయలేదు. తిట్టి ఉంటే బాగుండునని వనజాక్షికి అనిపించింది.

దీపాలు పెట్టేవేళకు డాక్టరు బయటికి వచ్చాడు. నీరు దిగుతోందన్నాడు. ఇప్పుడు వెల్లకిలా పడుకోగలుగుతున్నాడన్నాడు. "బతికినాడమ్మా. కానీ గుండె బాగా అలిసిపోయినాది. మిషను నీళ్ళు తీస్తాదే గానీ, గుండెను మళ్ళా ముందర మాదిరి చెయ్యలేదు. ఇంకమీద ఒక్క తూరి గూడా తప్పకూడదు" అన్నాడు. తులసమ్మ చెప్పులు విడిచి లోపలికి పోయింది.

వనజాక్షి గోడకు ఆనుకొని ఫోను తీసింది. ప్రశ్నలో ఇంటిపేరును చేర్చడానికి ఒక్క మాట రాస్తే చాలు. కానీ ఆ కుప్పలో తనకు అర్థం తెలియని మాటలు ఇంకెన్ని ఉన్నాయో! అందులో నుంచి ముఖ్యమైనవి ఏరి, కొండల్లో కూడా దిగేటంత చిన్న కట్టగా కట్టి, ఎవరూ విడదీయలేనట్టు పెట్టవచ్చు. పని తెలిసినవాళ్ళు చెప్పే మధ్యేమార్గమది. కానీ ఏది ముఖ్యమో ఏరవలసింది మళ్ళీ తానే. ఆ ఏరే చేతిని ఆమె ఇప్పుడు నమ్మలేకపోతోంది. పాత కట్ట బరువే. అయినా దానిలో ఏదీ ఆమె అజ్ఞానం వల్ల జారిపోదు.

"విఘ్నేష్, పాతదానికి మార్చెయ్."

"అక్కా! కొండలకు అవతల ఒక్కటి దిగదే. సెల్లమ్మ?"

"మార్చు. సెల్లమ్మకు నేను చెప్పుకుంటా."

సెల్లమ్మ మొదటి మోతకే ఎత్తింది. వనజాక్షి తానెవరో చెప్పి, "రేపు డ్రైవరు ఫోన్లో మీ పేరు రాకపోవచ్చు పెద్దమ్మా. మీరు రోడ్డు మీదికి వచ్చి నిలబడద్దండి" అంది.

"ఎందుకు రాదంట?"

"మళ్ళా పాతదానికి మార్చినాము."

"ఆ పాతదేనా నన్ను ఎండలో నిలబెట్టింది? కొత్తది వచ్చినాక గదా నేను ఇంత కూడు తినేది! బాగుండేదాన్ని ఎనక్కి తిప్పిన ఆ తెలివైనోళ్ళు ఎవురమ్మా?"

"నేనే పెద్దమ్మా."

వీధిలో ఎవరో కావడి చుట్టూ గజ్జెలు మోగిస్తూ పోయారు.

"నువ్వేనా! నేను చచ్చినానో బతికినానో చూసేదానికి నువ్వే రావాల మరి."

"వండి మీ ఊరి సిగ్నలు పోయే మలుపు దాటినప్పుడు నేను దాంట్లోనే ఉంటాను. మీ ఇంటి ముందరికి వచ్చి పిలుస్తాను" అంది వనజాక్షి.

"ఎన్ని దినాలు పిలస్తావు?"

"రేపు వస్తాను" అంది.